ఆ తొమ్మిది రోజులు: థామస్ కప్పు, మన జిల్లా పేరు



పోయిన భాగంలో బోయి భీమన్న గారి మామిడికుదురు దగ్గర ఆగాం. ఈసారి 'పాలేరు' నాటకం గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం. మధ్యలో ఒక విద్యార్థిని అడ్డం పడింది. రాజోలు దగ్గర పేట నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న పిల్ల. 2025 మే నెలాఖరున ఫోన్ చేసి, "మాస్టారండీ, ఎప్పుడూ కవులూ పోరాటాలేనా, ఆటల గురించి రాయరా? కొరియాలో మన రిలే జట్టు గెలిచిందండీ, అందులో కుంజా రజిత ఉందండీ, చూశారా?" అంది. చూశాను. చూసినా రాయాలని తోచలేదు. ఆ పిల్ల అడిగాక తోచింది.

కొరియాలోని గుమి పట్టణంలో మే 27 నుంచి 31 వరకు ఆసియా అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మన దేశానికి 24 పతకాలు వచ్చాయి. అందులో 8 స్వర్ణాలు. చైనా తర్వాత మనమే. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ని 12.96 సెకండ్లలో దాటి, పోటీల రికార్డుతో స్వర్ణం నిలబెట్టుకుంది. తెలంగాణ అమ్మాయి అగసర నందిని హెప్టాథ్లాన్‌లో 5941 పాయింట్లతో స్వర్ణం తెచ్చింది. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు. పరుగూ, దూకుడూ, విసురూ అన్నీ ఒక్క ఒంటితోనే చెయ్యాలి. మహిళల 4×400 రిలేలో జిస్నా మాథ్యూ, రూపల్ చౌదరి, కుంజా రజిత, శుభా వెంకటేశన్ కలిసి స్వర్ణం గెలిచారు. రజిత అల్లూరి సీతారామరాజు జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఆ మన్యం మీదుగా వచ్చే గోదావరి నీళ్ళే కిందికి వచ్చి మన లంకల్ని తడుపుతాయి.

ఆ పిల్ల ఇంకో మాట అంది. "టీవీలో వాళ్ళ జిల్లా పేరు అల్లూరి సీతారామరాజు జిల్లా అని పూర్తిగా చెప్పారండీ. మన జిల్లా వాళ్ళెవరైనా గెలిస్తే కోనసీమ అని ఊరుకుంటారండీ."

ఆ మాటతో నాకు ఇంకో మే నెల గుర్తొచ్చింది. ఈ భాగం దాని గురించే. అది అథ్లెటిక్స్ కాదు, బ్యాడ్మింటన్. అయినా దేశపు జట్టు కథే. అందులో మన అమలాపురం ఉంది.

2022 మే 15, ఆదివారం. బ్యాంకాక్‌లో థామస్ కప్పు ఫైనల్. మనకూ ఇండొనేషియాకూ.

ఆ రోజు మధ్యాహ్నం నేను అమలాపురంలో ఒక టీ బడ్డీ దగ్గర ఉన్నాను. ఎండ మాడిపోతోంది. బడ్డీ ముందు కొబ్బరాకు పందిరి కింద పది పదిహేను మంది ఒక్క ఫోన్ మీద పడి ఉన్నారు. ఫోన్ ఎవరిదో తెలీదు. నా విద్యార్థులు నలుగురైదుగురు ఉన్నారు. కొబ్బరి దింపు కార్మికులు ఇద్దరు, ఆటో నడిపేవాళ్ళు, ఒక బట్టల కొట్టు గుమాస్తా కూడా ఉన్నారు. వీళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారని నేను చెప్పగలను. ఎందుకంటే ఈ ఊళ్ళో మనిషి ఏ వీధి నుంచి వచ్చాడో తెలిస్తే అది కూడా తెలిసిపోతుంది. ఆ మూడు గంటలు మాత్రం ఎవరి భుజం మీద ఎవరి చెయ్యి ఉందో ఎవరూ చూసుకోలేదు.

థామస్ కప్పు సంగతి తెలియని పిల్లల కోసం రెండు మాటలు. ఇది పురుషుల జట్ల ప్రపంచ పోటీ. 1949లో మొదలైంది. ఒక్కో తలపాటులో అయిదు ఆటలుంటాయి: మూడు సింగిల్స్, రెండు డబుల్స్. మూడు ఎవరు ముందు గెలిస్తే వాళ్ళదే పోటీ. ఒకడెంత గొప్ప ఆటగాడైనా ఒక్కడే పోటీ గెలిపించలేడు. మిగతా పాయింట్లు వేరేవాళ్ళు తేవాలి. డెబ్బై ఏళ్ళకు పైగా సాగుతున్న ఈ పోటీలో అప్పటిదాకా మనవాళ్ళు ఫైనల్ మొహం చూడలేదు. 1979 తర్వాత సెమీఫైనల్ కూడా లేదు. అవతలున్న ఇండొనేషియా అప్పటికే 14 సార్లు కప్పు గెలిచిన జట్టు, ముందటి విజేత కూడా.

మనవాళ్ళు ఫైనల్‌కి నల్లేరు మీద నడకలా ఏం రాలేదు. గ్రూపులో చైనీస్ తైపీ చేతిలో 2-3తో ఓడారు. క్వార్టర్స్‌లో మలేషియా మీద 3-2. సెమీస్‌లో డెన్మార్క్ మీద 3-2. రెండుసార్లూ మొదటి సింగిల్స్‌లో లక్ష్య సేన్ ఓడిపోయాడు. రెండుసార్లూ రెండో డబుల్స్ ఓడిపోయాం. రెండుసార్లూ సాత్విక్ సాయిరాజ్ - చిరాగ్ శెట్టి జోడీ ఒక పాయింటూ, కిదాంబి శ్రీకాంత్ ఒక పాయింటూ తెచ్చాక, చివరి ఆటకి ప్రణయ్ మీద బరువు పడింది. డెన్మార్క్‌తో ఆడేటప్పుడు ప్రణయ్ కాలు జారి మడమ నొప్పితో కుంటాడు. మొదటి గేమ్ 13-21తో పోయింది. తర్వాత 21-9, 21-12. ఆ రాత్రి మా వీధిలో అర్ధరాత్రి దాటినా నిద్రపోయినవాళ్ళు తక్కువ.

రెండో డబుల్స్ ఓడిన జోడీని ఎవరూ తల్చుకోరు గనక నేను తల్చుకుంటాను. గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్. ఇద్దరూ తెలుగు కుర్రాళ్ళే. పదిమంది జట్టులో నలుగురు మనవాళ్ళు. పెద్ద జోడీల ముందు నిలబడి ఓడారు. ఓడడానికైనా ఎవరో ఒకరు కోర్టులోకి దిగాలి కదా. ఓడినవాళ్ళ పతకం బరువు గెలిచినవాళ్ళ పతకానికంటే తక్కువ తూగదు.

ఫైనల్‌లో మొదట లక్ష్య సేన్. గింటింగ్ మీద మొదటి గేమ్ 8-21. బడ్డీ దగ్గర ఒకాయన, "అయిపోయిందిరా, ఇంటికి పదండి" అని లేచాడు. ఎవరూ కదల్లేదు. ఆయనా కూర్చున్నాడు. 21-17, 21-16. తర్వాత మన సాత్విక్. అవతల మూడుసార్లు ప్రపంచ విజేత అయిన మహమ్మద్ అహ్సాన్, నెట్ దగ్గర మెరుపులా కదిలే కెవిన్ సుకముల్జో. మొదటి గేమ్ 18-21. రెండో గేమ్‌లో నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకున్నారు. నాలుగు! ఒక్కోటి కాచినప్పుడల్లా బడ్డీ మీది గాజు సీసాలు గలగలమన్నాయి. 23-21. మూడోది 21-19. ఆ తర్వాత శ్రీకాంత్ జొనాతన్ క్రిస్టీ మీద 21-15, 23-21. మూడుకి సున్నా. ప్రణయ్‌కి ఆ రోజు ఆడే పనే పడలేదు. కుర్చీల మీంచి దూకి కోర్టులోకి పరిగెత్తాడు.

సాత్విక్ అమలాపురం కుర్రాడని మీకు చెప్పక్కర్లేదు. 2000లో ఇక్కడే పుట్టాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. శ్రీకాంత్ గుంటూరువాడని అందరూ అంటారు గానీ, పుట్టిన ఊరు రావులపాలెం అని రాస్తారు. ఆ లెక్కన ఫైనల్‌లో గెలిచిన మూడు పాయింట్లలో రెండింట్లో మన గోదావరి పాయల మధ్య నేల ఉంది. ఆ సంగతి నేను బడ్డీ దగ్గర చెప్తే ఒక కుర్రాడు, "ఆయ్, అయితే మనమే గెలిచామన్నమాటండీ" అన్నాడు. ఆ 'మనమే' అన్న మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

టీ డబ్బులు ఆ రోజు ఎవరిచ్చారో నాకు గుర్తులేదు. లేచి వెళ్తుంటే ఒకతను, నాకు ముఖపరిచయం ఉన్నవాడే, పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "మాస్టారూ, ఇంతకీ సాత్విక్‌ది ఏ కులం?"

నేను చెప్పలేదు. ఇక్కడా రాయను. ఆ ప్రశ్నకి జవాబు ఇవ్వడమంటే ఆ ప్రశ్న సరైందేనని ఒప్పుకోవడం. 2016లో రియో ఒలింపిక్స్‌లో సింధు వెండి పతకం గెలిచిన రోజుల్లో, ఆమె కులమేంటని గూగుల్‌లో వెతికినవాళ్ళ సంఖ్య చూసి దేశమంతా నవ్వింది. ఆ వెతుకులాటలో తెలుగు రాష్ట్రాలే ముందున్నాయి. అడిగినవాడు చెడ్డవాడని నేననను. మనకి గెలుపు సొంతం కావాలంటే అది ఎవరి ఖాతాలో పడిందో తెలియాలి. దేశపు ఖాతాలో పడితే చాలదు.

ఇప్పుడు ఆ తొమ్మిది రోజుల సంగతి.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 26 అయ్యాయి. ఆ రోజే ఎన్టీఆర్ జిల్లా పుట్టింది. అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టింది. అన్నమయ్య జిల్లా, శ్రీ సత్యసాయి జిల్లా పుట్టాయి. అంతకుముందు నుంచే ప్రకాశం జిల్లా ఉంది, పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా ఉంది, వైఎస్సార్ కడప జిల్లా ఉంది. అమలాపురం కేంద్రంగా వచ్చిన జిల్లాకి మాత్రం ఏ మనిషి పేరూ పెట్టలేదు. కోనసీమ అని ఊరుకున్నారు. అంబేద్కర్ పేరు పెట్టమని దళిత సంఘాలు అడిగాయి. సంతకాలు పెట్టాయి, ధర్నాలు చేశాయి. అడగడానికి కారణం ఉంది. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీలకు కేటాయించింది. జిల్లాలో అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలూ అంతే. ఈ డెల్టాలో కాటన్ ఆనకట్ట కట్టిన నాటి నుంచి వరి కోసినవాళ్ళు, కాలవ పూడిక తీసినవాళ్ళు, కొబ్బరికాయ దింపి ఒలిచినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేట నుంచి ఒక్క పేరైనా జిల్లా బోర్డు మీద ఉండాలన్నారు. అంతకుమించి ఏం అడగలేదు.

మే 15 ఆదివారం కప్పు గెలిచాం. మే 18 బుధవారం జిల్లా పేరుని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోడానికి ముప్పై రోజులు గడువు. మే 22 ఆదివారం థామస్ కప్పు జట్టు ఢిల్లీలో ప్రధానిని కలిసింది. సాత్విక్ నవ్వుతున్న ఫొటో మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగింది. అవే గ్రూపుల్లో, అదే రోజు, ఆ ఫొటో కిందనే, 'చలో కలెక్టరేట్' పిలుపు కూడా తిరిగింది.

మే 24 మంగళవారం సాయంత్రానికి అమలాపురం తగలబడింది. ఊరికే అన్న మాట కాదు. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు. ఆయన దళితుడు. ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. ఆయన బీసీ. బస్సులు తగలబెట్టారు. రాళ్ళ దెబ్బలకి జిల్లా ఎస్పీతో సహా పోలీసులు గాయపడ్డారు. ఆ పొగ మా డాబా మీంచి కనపడింది. పేటల్లో ఆ రాత్రి మగవాళ్ళు నిద్రపోలేదు. ముసలమ్మలు పాత సంగతులన్నీ తవ్వుకున్నారు: కారంచేడు, చుండూరు. నా చేతిలో ఆ రోజు భీమన్న గారి 'గుడిసెలు కాలిపోతున్నాయి' ఉంది. 1975లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. క్లాసులో దాన్ని చెప్పేటప్పుడు, ఇది పాత రోజుల సంగతిరా అని పిల్లలకి చెప్పే అలవాటుండేది నాకు. ఆ అలవాటు ఆ రాత్రితో పోయింది.

ఇంటర్నెట్ కట్ చేశారు. రోజుల తరబడి. ఇంట్లోంచి కంపెనీ పనులు చేసుకునే కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి అవతలికి పోయారు. మాకు వార్తలు మనుషుల నోటి ద్వారా వచ్చేవి. ఆ రోజుల్లో బ్యాడ్మింటన్ వార్త ఏదొచ్చిందో, మా జిల్లాకి చివరికి తెలిసింది.

ఇందులో ఒక సంగతి ఇప్పటికీ నన్ను తినేస్తోంది. మే 15న బడ్డీ దగ్గర నా పక్కనే ఉన్న ఒక కుర్రాడు, నా దగ్గర చదివినవాడు, 'మనమే గెలిచామన్నమాటండీ' అన్నవాడే, మే 24న ఆ గుంపులో ఉన్నాడు. రాయి విసిరాడో లేదో నాకు తెలీదు. గుంపులో ఉన్నాడు. ఆ రోజు ఉదయం దాకా అతని వాట్సాప్ డీపీ సాత్విక్, చిరాగ్ ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్న బొమ్మ. తర్వాత కొన్నాళ్ళకి కనిపిస్తే తలొంచుకుని పోయాడు. నేనే పిలిచాను. "ఏరా, జిల్లాకి ఆ పేరుంటే నీకేం పోయింది?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా జిల్లా ఏదీ అంటే ఆ పేరు చెప్పాలి కదండీ. వినేవాళ్ళు మమ్మల్ని కూడా ఆళ్ళే అనుకుంటారండీ" అన్నాడు.

ఆళ్ళే. నా ముందు నిలబడి, నా మొహం చూస్తూ అన్నాడు. నేనూ ఆళ్ళలో ఒకణ్ణన్న సంగతి మరిచిపోయి అన్నాడో, గుర్తుండే అన్నాడో.

అబద్ధం చెప్పలేదు, ఆ ఒక్కందుకు మెచ్చుకోవాలి. టీవీ చర్చల్లో పెద్దమనుషులు 'కోనసీమ ఆత్మగౌరవం', 'ప్రాంత అస్తిత్వం' అన్నారు. 'అంబేద్కర్ మీద మాకు గౌరవమే, కానీ' అన్నారు. ఆ 'కానీ' తర్వాత ఏముందో ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. బెజవాడవాళ్ళు ఎన్టీఆర్ జిల్లా అని చెప్పుకుంటే వాళ్ళ కులం మీద ఎవరికీ అనుమానం రాదు. అంబేద్కర్ జిల్లా అంటే వస్తుందని భయం. అందరి మనిషిని పేటకి కట్టేసి, ఆ తర్వాత ఆయన పేట మనిషని గోల.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ మాట్లాడుతూ కులాలు జాతి వ్యతిరేకమైనవని చెప్పారు. అవి మనుషుల బతుకుల్ని విడివిడిగా చేస్తాయి, ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఈర్ష్యా ద్వేషం పెంచుతాయి, కనుక జాతి కావాలంటే వీటిని దాటాలి, సోదరభావం లేని సమానత్వమూ స్వేచ్ఛా పై పూతలే అన్నది ఆయన మాటల సారం. మన పాఠ్యపుస్తకాల్లో ఆ ప్రసంగంలోని మిగతా మాటలు దొరుకుతాయి, ఈ భాగం చాలాసార్లు దొరకదు. నేను ఆ మాటల్ని ఎన్నోసార్లు చెప్పాను. అర్థమైంది మాత్రం ఆ బడ్డీ దగ్గర. జాతి మూడు గంటలు ఉంది. టీ తాగి లేచేసరికి 'ఏ కులం' దగ్గరికి వచ్చింది. తొమ్మిది రోజులకి అగ్గిపెట్టె దగ్గరికి వచ్చింది.

ఇది కోనసీమకే పుట్టిన రోగం కాదు. చరిత్ర విద్యార్థులు పాల్వంకర్ బాలూ పేరు తెలుసుకోవాలి. చమార్ కులంలో పుట్టిన ఎడమచేతి స్పిన్నర్. 1911లో మన దేశపు జట్టు ఇంగ్లండు వెళ్తే వందకు పైగా వికెట్లు తీశాడు. అంతటివాడికి బొంబాయిలో 'హిందువుల' జట్టు కెప్టెన్ పదవి జన్మలో ఇవ్వలేదు. కొట్లాడి కొట్లాడి చివరికి ఆయన తమ్ముడు విఠల్‌కి 1923లో ఇచ్చారు. బంతి వెయ్యడానికి ఆ చెయ్యి కావాలి, జట్టు నడపడానికి వద్దు. ఇదే బాలూ 1932లో పూనా ఒడంబడిక మీద సంతకం చేశాడు. 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరపున అంబేద్కర్ మీదే పోటీకి నిలబడి ఓడాడు. ఆ కథలో చేదు చాలా ఉంది, దానికి వేరే భాగం కావాలి.

దగ్గరి కాలానికి వస్తే వందనా కటారియా. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి భారతీయురాలు. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 4న, అర్జెంటీనా చేతిలో మన జట్టు సెమీస్‌లో ఓడింది. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి గంతులేశారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు గనకే ఓడామని కుటుంబాన్ని తిట్టారు. దేశం ఓడిన రోజు టపాకాయలు కాల్చినవాళ్ళని ఏమనాలి? వాళ్ళ చేతుల్లోనూ మొన్నటిదాకా జెండాలున్నాయి.

పేర్ల సంగతికి మళ్ళీ వస్తాను. హైదరాబాద్ గచ్చిబౌలిలో పెద్ద అథ్లెటిక్ స్టేడియం ఉంది. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు అక్కడే జరిగాయి. రెండు ఖండాల అథ్లెట్లు ఆ ట్రాక్ మీద పరిగెత్తారు. అంజూ బాబీ జార్జ్ లాంగ్ జంప్‌లో, జె.జె. శోభ హెప్టాథ్లాన్‌లో స్వర్ణాలు గెలిచారు. ఆ స్టేడియం పేరు జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. మన ఎదుర్లంకలో పుట్టిన దళితుడు, అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకర్ అయిన మొదటి దళితుడు. 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక ఆయన పేరు అక్కడ నిలిచింది. ఆ పేరు పెడితే ఎవరూ ఏ ఇల్లూ తగలబెట్టలేదు. నిజమే. కానీ మీరు హైదరాబాద్ వెళ్ళి ఏ ఆటోవాలానైనా బాలయోగి స్టేడియానికి పొమ్మని అడిగి చూడండి. గచ్చిబౌలి స్టేడియం అంటేనే తెలుస్తుంది. పేరుని చెరపడానికి ప్రతిసారీ అగ్గి అక్కర్లేదు. నోటితో పలక్కపోతే చాలు.

ఆ పిల్ల చెప్పిందీ అదే కదా. అల్లూరి పేరు పూర్తిగా, మనది సగం.

ఇంకో సంగతి. ఈ మధ్య జాతీయ జట్లలో మన పిల్లలు, అంటే దళిత, ఆదివాసీ, బీసీ పేద ఇళ్ళ పిల్లలు, బ్యాడ్మింటన్‌లో కన్నా అథ్లెటిక్స్‌లోనే ఎందుకు కనిపిస్తారని మా విద్యార్థులు అడుగుతుంటారు. జవాబు జేబులో ఉంది. ఈకల షటిల్ ఒక్కటి నూరు రూపాయల పైమాటే. గట్టిగా ఆడితే రోజుకి నాలుగైదు ఎగిరిపోతాయి. రాకెట్టు, కోర్టు అద్దె, కోచ్ జీతం వేరు. పరుగుకి ఇవేం అక్కర్లేదు. కాస్త నేల చాలు.

ఆ కాస్త నేలే మనకి లేదు. కోనసీమలో ఖాళీ జాగా ఎక్కడుందో చూపించండి. గజం నేల కనిపిస్తే కొబ్బరి మొక్క పెడతాం. తోట తోటకీ కంచె, ప్రతి కంచెకీ ఒక యజమాని. పేటలేమో మురుగు కాలవ పక్కన, పల్లంలో, ఇల్లు ఇంటికి ఆనుకుని ఉంటాయి. నేను చిన్నప్పుడు పరిగెత్తింది ఏటిగట్టు మీద. వరదొస్తే అదీ ఉండదు. ఒకసారి ఒక తోటలో అడ్డంగా పరిగెత్తినందుకు తోట కాపలాదారు మా ముగ్గురినీ పట్టుకుని, మా నాన్న పేరు అడక్కుండా మా పేట పేరు అడిగాడు. పరుగుపందెం అంటే నాకు ఇప్పటికీ ముందు ఆ కేకే వినపడుతుంది.

అందుకే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి కథ చెప్పినప్పుడు మా పేట పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. కూలి ఇంటి పిల్ల. పుట్టుకతో మేధో వైకల్యం. ఊళ్ళోవాళ్ళు కోతి అని వెక్కిరించారు, అనాథాశ్రమంలో వదిలెయ్యమని తల్లిదండ్రులకి సలహా ఇచ్చారు. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో ఆ పిల్ల 400 మీటర్ల టీ20 పరుగుని 55.07 సెకండ్లలో ముగించింది. ప్రపంచ రికార్డు. ఆ పోటీల్లో మన జట్టుకి 17 పతకాలు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆటల మీద వచ్చిన డబ్బుతో ఇంటివాళ్ళు, మునుపు అమ్ముకున్న కాస్త పొలాన్ని మళ్ళీ కొనుక్కున్నారు. నాకు ఈ చివరి సంగతే పతకం కంటే పెద్దది.

నందిని కథ ఇంకో రకం. టీ అమ్ముకునే నాన్న కూతురు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం, గుమిలో స్వర్ణం. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారులు పట్టుబట్టి నిలబెట్టిన ఆ గురుకులాల మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు. కానీ మూడు పూటలా తిండి, పడుకోడానికి మంచం, పరిగెత్తడానికి సొంత మైదానం, ఈ మూడూ ఒకేచోట పేట పిల్లకి దొరికింది అక్కడే. జట్టు ఎంపిక కొరియాలోనో జపాన్‌లోనో మొదలవదు. పదేళ్ళ ముందు, ఏ పిల్లకి ఎక్కడ నేల దొరికిందన్న దగ్గర మొదలవుతుంది.

మన జిల్లా పేరు సంగతి ముగిస్తాను. మంటలు ఆరాక, 2022 జూన్ 24న మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది. పేరు నిలిచింది. ఆ నాటి కేసులు ఎత్తెయ్యాలని 2023లో అదే ప్రభుత్వం నిర్ణయించింది. కుర్రాళ్ళ భవిష్యత్తు అన్నారు. నా విద్యార్థి కూడా వాళ్ళలో ఉన్నాడేమో గనక నేను గట్టిగా ఏం అనలేకపోయాను. అతను జైలుకి పోవాలని నేను కోరుకోలేదు. అయితే ఇళ్ళు తగలబడినవాళ్ళనీ, ఆ రాత్రి పేటల్లో కర్రలు పట్టుకుని కాపలా కాసినవాళ్ళనీ ఎవరైనా పిలిచి, మీరేమంటారని అడిగారా? నాకు తెలిసిన పేటల్లో అడగలేదు.

సాత్విక్ ఆ తర్వాత కామన్వెల్త్ స్వర్ణం తెచ్చాడు, ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు, ఖేల్ రత్న తీసుకున్నాడు. 2025 ఫిబ్రవరిలో వాళ్ళ నాన్నగారు పోయారు. ఎవరి పిల్లాడు గెలిచినా ఒక వ్యాయామ మాస్టారి విజిల్ దాని వెనక ఉంటుంది, ఆ వార్త చదివి నాకూ బాధేసింది.

ఇక ఫోన్ చేసిన ఆ రాజోలు పిల్ల. తనూ పరిగెత్తుతుంది. 400 మీటర్లు. ఆ మధ్య ఒక పోటీకి దరఖాస్తు నింపడానికి నా దగ్గరికి వచ్చింది. కాగితంలో జిల్లా అన్నచోట అంగుళం జాగా ఉంది. అప్పటికే నింపిన మిగతా పిల్లల కాగితాలు బల్ల మీద ఉన్నాయి, అన్నిట్లోనూ 'కోనసీమ' అనే ఉంది. నేనూ అదే రాసెయ్యమన్నాను, జాగా లేదు కదాని. ఆ పిల్ల నా వంక ఒక చూపు చూసి, పెన్ను తీసుకుని, చీమల బారులాంటి అక్షరాలతో 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా' అని మొదలుపెట్టింది. 'కోనసీమ' దగ్గరికి వచ్చేసరికి గీత దాటిపోయింది. మిగిలింది మార్జిన్‌లోకి రాసుకుంటూ పోయింది.